ఎక్కువ కష్టమైన గ్రూపు ఏది మేడం?

జూన్ నెలలో మీ కాలేజీ వరండాలో ఒక బల్ల వేస్తారు. మీరు కొత్తగా చేరినవాళ్లు కాబట్టి దాని వెనక కూర్చోబెట్టేది మిమ్మల్నే. బల్ల మీద దరఖాస్తుల కట్ట, రబ్బరు స్టాంపు, ఒక నీళ్ల సీసా ఉంటాయి. బల్లకు అవతల పదో తరగతి పాసైన పిల్లలు, వాళ్ల వెనక తల్లో తండ్రో మేనమామో నిలబడి ఉంటారు. అందరూ ఒకటే అడుగుతారు: ఏ గ్రూపు మంచిది? మీరు ఎమ్మెస్సీ చదివి, పోటీ పరీక్ష రాసి, ఫిజిక్సో కెమిస్ట్రీయో చెప్పడానికి వచ్చారు. ఆ ప్రశ్నకు జవాబు మీకు తెలియదు. అయినా చెబుతారు. మన ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద పని అదే, దానికి మాత్రం ఎక్కడా శిక్షణ లేదు.

నేను ఆదోని మనిషిని. ముప్పయ్యొక్క ఏళ్లు ఆదోని, ఎమ్మిగనూరు బస్సుల్లో తిరుగుతూ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఇక్కడ చెప్పబోయే కాలేజీ పేరు రాయను. రాస్తే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లు నొచ్చుకుంటారు, వాళ్ల తప్పేమీ లేదు. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల గురించి కూడా రాయను. అవి మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నేను ఫిజిక్స్‌లోకి ఎట్లా వచ్చానో ముందు చెప్పాలి. మా నాన్న ఆదోనిలో పరుపులు కుట్టేవాడు. నన్ను కాలేజీలో చేర్చడానికి తీసుకుపోయిన రోజు బైపీసీ వరుస గేటు దాకా ఉంది. ఎంపీసీ వరుసలో నలుగురే ఉన్నారు. ఆయన దుకాణం మూసి వచ్చాడు, తొందరగా తిరిగి పోవాలి. "ఇదీ సదువే, అదీ సదువే బేటీ. ఈడ నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. ఈ సంగతి నా విద్యార్థులెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. బల్ల వెనక కూర్చున్నాక మాత్రం, గ్రూపు ఎంచుకునే ముందు ఎంత లోతుగా ఆలోచించాలో గంటసేపు మాట్లాడేదాన్ని.

నేను కనిపెట్టిన పరీక్ష

మా ప్రిన్సిపాల్ రంగస్వామి గారు మంచి మనిషి. కామర్స్ చదివినవాడు, అన్నీ శాతాల్లో చూసేవాడు. కాలేజీ గేటు పక్కన ఉత్తీర్ణత శాతం రాసిన బోర్డు ఉండేది. ఏటా పెయింటరును పిలిపించి, ఆ అంకె మార్చేదాకా పక్కనే నిలబడేవాడు. సమీక్ష సమావేశాల్లో శాతం తక్కువైన ప్రిన్సిపాళ్లను అందరి ముందూ లేపి నిలబెట్టేవాళ్లు. ఒకసారి ఆయన్ను కూడా నిలబెట్టారట. అప్పటినుంచి ఆయన విద్యావిధానం ఒక్క వాక్యానికి కుదురుకుంది.

"కష్టమైన గ్రూపులోకి తక్కువ మందిని పంపండి మేడం. సులువైన దాంట్లోకి ఎంతమందినైనా పంపండి."

బాగా మార్కులు వచ్చిన పిల్లలను ప్రైవేటు కాలేజీలవాళ్లు వేసవిలోనే ఇళ్లకు పోయి మాట్లాడుకునేవాళ్లు. వాళ్లు కర్నూలుకు పోగా మిగిలినవాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లలో ఎంపీసీకి ఎవరు తగుదురో తేల్చడానికి నేనొక పరీక్ష కనిపెట్టాను. రెండు బై మూడు, మూడు బై నాలుగు కూడితే ఎంత? చాలామంది అయిదు బై ఏడు అనేవాళ్లు. పైవి పైవి, కిందవి కిందవి కూడేవాళ్లు. అట్లా అన్నవాళ్లకు నవ్వుతూ సీఈసీ రాసేదాన్ని. అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. పదిహేడు బై పన్నెండు అన్నవాళ్లకు ఎంపీసీ. ఒక నిమిషంలో ఒక పిల్లవాడి రెండేళ్లు తేలిపోయేవి. రంగస్వామి గారు ఈ పద్ధతిని మెచ్చుకుని, పక్క కాలేజీ వాళ్లకు కూడా చెప్పాడు.

ఆదోని బట్టల వ్యాపారి కొడుకు ఇర్ఫాన్ అనేవాడు నా ప్రశ్న పూర్తికాక ముందే పదిహేడు బై పన్నెండు అన్నాడు. నేను వాళ్ల నాన్నకు అభినందనలు చెప్పి మరీ ఎంపీసీ రాశాను. ఆ పిల్లవాడు ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు, సుఖంగా ఉన్నాడు. ఒకసారి ఫోను బాగు చేయించడానికి పోతే, "మేడం, పదిహేడు బై పన్నెండు ఇంకా గుర్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం మీరు చెప్పనే లేదు" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. అప్పటికి ఆ పరీక్ష సంగతి నాకు తెలిసిపోయింది. తెలియజేసింది సువార్త.

సులువైనది రాసిన రోజు

గోనెగండ్ల మండలంలో ఒక చిన్న పల్లె నుంచి వచ్చింది సువార్త, తల్లి మార్తమ్మతో. తల్లిదండ్రులిద్దరూ కూలి పని చేసేవాళ్లు. పదో తరగతి మార్కులు మామూలుగా ఉన్నాయి. మార్తమ్మ బల్ల ముందు నేల మీద కూర్చోబోతే వద్దని స్టూలు వేయించాను. ఆమె స్టూలు అంచు మీద కూర్చుంది.

సాధారణంగా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఈసారి పిల్ల అడిగింది. అదీ వేరే రకంగా అడిగింది.

"వీటిల్లో ఎక్కువ కష్టమైన గ్రూపు యాది మేడం?"

"ఎంపీసీ" అన్నాను.

"అయితే అది రాయండి."

అట్లాంటి మాట అంతకుముందు వినలేదు. కొంచెం ముచ్చటేసింది, కొంచెం చిరాకు కూడా వేసింది. కష్టం అంటే ఏమిటో తెలియక అంటున్నదనుకున్నాను. నా ప్రశ్న వేశాను. ఆ అమ్మాయి అయిదు బై ఏడు అనలేదు. బల్ల వైపు చూసి, "తెలీదు మేడం" అంది. అందరూ ఏదో ఒక తప్పు చెప్పేచోట తెలియదని ఒప్పుకున్న పిల్లను ఆగి చూడవలసింది. వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు.

"చూడమ్మా, భిన్నాలు కూడటం రానివాళ్లు ఎంపీసీలో చాలా ఇబ్బంది పడతారు. నీకు సీఈసీ రాస్తున్నాను. హాయిగా ఉంటుంది."

"దాంట్లో ల్యాబు ఉంటాదా మేడం?"

"ఉండదు. రికార్డులు రాసే పని కూడా లేదు."

పిల్ల తల దించుకుంది. ఊరట పడిందనుకున్నాను. మార్తమ్మ ముఖంలో ఇంకా బెరుకు కనిపించింది. ఆమెకు కూడా ధైర్యం చెబుదామని, "భయపడొద్దు. ఇది ఎక్కడ కూర్చుని చదివినా పాసయ్యే గ్రూపు" అన్నాను.

"యాడ సదివినా పాసయితారా అమ్మా?"

"ఎక్కడ చదివినా."

"సల్లగుండు తల్లీ" అని మార్తమ్మ లేచింది. ఆ రోజు చేసిన పనుల్లో ఇదే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ కూడా తలుచుకున్నాను.

సివిక్స్ పరీక్ష

మా పక్క పల్లెల్లో వలస పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇక్కడి పంటలు అయిపోయి పనులు లేనప్పుడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు పక్క మిరపకోతలకు పోతాయి. చేలగట్ల మీద గుడిసెలు వేసుకుని ఉండి, ఎండలు ముదిరాక తిరిగి వస్తాయి. డిసెంబరు దాటాక మా కాలేజీలో బెంచీలు ఖాళీ అయ్యేవి. హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వకూడదు. కానీ అట్లా ఆపితే బోర్డు మీది అంకె ఏమవుతుంది? ఏదో ఒకటి చేసి అందరినీ పరీక్షకు కూర్చోబెట్టేవాళ్లం. దాన్ని దయ అని పిలుచుకునేవాళ్లం.

సువార్త సీఈసీలో ఉంది కాబట్టి నా క్లాసులో లేదు. ఆ అమ్మాయిని నేను మరిచిపోయాను. మార్చిలో వార్షిక పరీక్షలకు సీఈసీ పిల్లల గదిలో నాకు డ్యూటీ వేశారు. తెలుగు పరీక్ష రోజు, ఇంగ్లీషు పరీక్ష రోజు కిటికీ పక్క బెంచీ ఖాళీగా ఉంది. సివిక్స్ రోజు ఆ బెంచీలో సువార్త కూర్చుని ఉంది. నాలుగు వాక్యాలు రాయడం, పెన్ను పెట్టేసి వేళ్ల మీద ఊదుకోవడం, మళ్లీ రాయడం. దగ్గరికి పోయి చూశాను. గోళ్ల చుట్టూ తోలు లేచిపోయింది. మిరపకాయల మంట. నా సీసాలో నీళ్లు చేతుల మీద పోశాను. అప్పుడు మాట్లాడకూడదు కాబట్టి పరీక్ష అయ్యాక వరండాలో ఆపాను.

"ఎప్పుడు వచ్చినావు?"

"నిన్న మేడం. మా ఊరోళ్లు లారీలో వస్తాంటే ఎక్కినా. ముందు లారీ దొరకల్యా."

"అసలు ఎందుకు పోయినావు? కాలేజీ మానేసి అన్ని నెలలు పోతే చదువు ఏమవుతుంది?"

పిల్ల నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. నేనెందుకు అడుగుతున్నానో అర్థం కానట్టు చూసింది.

"మీరే అంటిరి కదా మేడం, ఈ గ్రూపు యాడ సదివినా పాసయితారని. మాయమ్మ ఆ మాటే పట్టుకునింది. మేడమే సెప్పింది, పుస్తకాలు ఎత్తుకో, ఆడ గుడిసెలో సదువుకో అనింది."

"మరి చదివినావా?"

"సదివినా మేడం. పొద్దున ఎలుగొచ్చినాక కోతకు పోయేదాకా. నాలుగు పాఠాలు అయినాయి."

మిగతా పరీక్షలు బాగా రాయమన్నాను. ఇట్లాంటప్పుడు మనవాళ్లందరూ అనే మాట అదే.

రెండో జూన్

మళ్లీ బల్ల వేశారు. ఈసారి సువార్త ఒక్కతే వచ్చింది. వరుస అయిపోయేదాకా గోడ పక్కన నిలబడి, చివర్న ముందుకు వచ్చింది.

"మళ్లీ ఫస్టియర్లో చేరతా మేడం. ఎంపీసీలో."

"తప్పిన రెండు పరీక్షలు రాసుకుంటే సెకండియర్‌కి పోవచ్చు కదా. ఏడాది ఎందుకు పోగొట్టుకుంటావు? లెక్కలంటే అంత ఇష్టమా?"

"ఇష్టమో కాదో తెలీదు మేడం. పదో తరగతిలో మా హెడ్మాస్టరు సారు మా నాయన్ని బెదిరించినాడు. పబ్లిక్ పరీక్ష, చాలా కష్టం, ఒక్క దినం బడికి రాకున్నా తప్పుతాది అని. నేను సుగ్గికి పోకుండా ఈడ ఉండింది ఆ యేడొక్కటే. కష్టం అంటే మావోళ్లకు భయం మేడం. ల్యాబు గుడిసెకి ఎత్తుకపోయేది కాదు కదా. అందుకే పోయినేడు అడిగితి, ఎక్కువ కష్టమైనది యాది అని."

"ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా."

"మాయమ్మ పక్కనే ఉండె కదా మేడం."

అప్పటికి నాది ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. కఠినమైన చదువు ఎవరికి తగును, ఎవరికి తగదు అని సెమినార్లలో మాట్లాడినదాన్ని. దానికి ఇట్లాంటి ఉపయోగం ఒకటి ఉందని పదహారేళ్ల పిల్ల చెబితే తెలిసింది. ఆమె అడిగింది చదువు కాదు, తలుపుకు గడియ. నేను హాయిగా ఉంటుందని చెప్పి గడియ లేని గది ఇచ్చాను.

ఆమె ఇంకొక సంగతి కూడా చెప్పింది, నేను అడిగితేనే. భిన్నాల పాఠం ఎందుకు రాదు అన్నాను. ఆ పాఠం వాళ్ల బడిలో డిసెంబరు తర్వాత చెప్పేవాళ్లట. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి దాకా ప్రతి పుస్తకంలో మొదటి సగమే చదివింది. రెండో సగం ఏటా మిరపచేలో గడిచింది. నా గొప్ప పరీక్ష కొలిచింది తెలివిని కాదు. పిల్ల జనవరిలో ఏ ఊళ్లో ఉందో కొలిచింది.

రంగస్వామి గారి గదికి పోయాను.

"మేడం, తెలుగు పరీక్షే రాయని పిల్లకు ఎంపీసీనా?" అన్నాడు.

"రాయలేక కాదు సార్, రాలేక."

"శాతానికి రెండూ ఒకటే. ఈ పిల్ల ఫెయిలైతే?"

"అయితే కావచ్చు సార్."

"స్టాఫ్ మీటింగులో మీ పేరే చెబుతాను."

"చెప్పండి."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, సంతకం చేశాడు. పై అధికారి గురించి నేను నేర్చుకున్నది ఒకటుంది. ఎవరి పేరు చెప్పాలో ముందే తెలిస్తే చాలామంది అధికారులు సంతకం పెట్టేస్తారు. మీ పేరు ఇవ్వడానికి మీరు సిద్ధంగా ఉంటే చాలు.

నేను చెప్పిన అబద్ధం

ఆ ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. సువార్త తండ్రి దేవదానం ఇంట్లోనే ఉన్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. మార్తమ్మ టీ పెట్టింది. విషయం చెప్పాను.

"దేవదానం అన్నా, సువార్త కొత్త గ్రూపులో చేరింది. ఇది చాలా కష్టమైనది. ల్యాబు ఉంటుంది. ల్యాబుకు ఒక్కరోజు రాకపోయినా పరీక్ష రాయనివ్వరు. ఏడాదంతా హాస్టల్లోనే ఉండాలి."

ఇందులో చాలా భాగం అబద్ధం. ఫస్టియర్‌కు ప్రాక్టికల్ పరీక్షే లేదు. ఉన్న హాజరు నియమాన్ని మేమెట్లా పాటించేవాళ్లమో పైన చెప్పాను. ముప్పయ్యొక్క ఏళ్లలో ఫిజిక్స్ గురించి నేను చెప్పిన వాక్యాల్లో ఎక్కువ పనికొచ్చింది ఇదే.

"అంత కష్టమైనది ఎందుకమ్మా?" అన్నాడు దేవదానం. "సులువుది లేదా మీ కాడ?"

నేను నోరు తెరిచేలోపల మార్తమ్మ అందుకుంది. "పోయినేడు సులువుది రాసింది ఈయమ్మే కదా. అది సదివే ఫెయిలయ్యె. ఇంగ కష్టమైనది ఎట్ల సదువుతాది?"

న్యాయమైన ప్రశ్న. ఇట్లాంటి ప్రశ్న సెమినార్లలో ఎవరూ వేయరు. "కష్టమైనదైతే ఇక్కడే ఉండి చదువుతుంది, అందుకని పాసవుతుంది" అన్నాను. సువార్త గడప దగ్గర నిలబడి నేల చూస్తోంది.

దేవదానం టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత భార్య వైపు చూసి, "గుడిసె కాడ వంట ఎవురు సేస్తారు?" అన్నాడు.

"కరుణ ఉంది కదా" అంది మార్తమ్మ.

కరుణ సువార్త చెల్లెలు. తొమ్మిదేళ్లుంటాయి. మూలన కూర్చుని గిన్నెలో బొరుగులు తింటూ మమ్మల్నే చూస్తోంది. అంతవరకు సుగ్గి నెలల్లో ఆ పిల్ల అవ్వ దగ్గర ఉండి ఊళ్లో బడికి పోయేదట.

ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. వినపడనట్టు టీ తాగాను. నేను ఒక పిల్ల కోసం వచ్చాను, ఆ పిల్ల పని అయింది. లేచి బస్సుకు పోయాను.

మీకు ఈ ఉద్యోగంలో మంచిపని చేశాననిపించే రోజులు వస్తాయి. ఆ రోజు గదిలో మూలన ఎవరు కూర్చుని ఉన్నారో ఒకసారి చూసుకోండి. నేను చూశాను కూడా. చూసి వచ్చేశాను.

రెండో సగాలు

సువార్తకు మేం చెప్పిన చదువు ఇంటర్మీడియట్ కాదు. మధ్యాహ్నం భోజనాల విరామంలో ఫిజిక్స్ ల్యాబులో కూర్చుని అయిదో తరగతి లెక్కల పుస్తకంలో రెండో సగం మొదలుపెట్టాం. తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది. ప్రతి పుస్తకంలో మొదటి సగం ఆ అమ్మాయికి కంఠస్థం. అక్కడిదాకా ఎవరూ తప్పు పట్టలేరు. ఆ పక్క పేజీ నుంచి ఏమీ లేదు, తెల్లకాగితం. నేను అంతవరకు ఇట్లాంటి పిల్లలను మొద్దులనుకునేదాన్ని.

ఒకరోజు రంగస్వామి గారు ల్యాబులోకి తొంగిచూశాడు. బల్ల మీద అయిదో తరగతి పుస్తకం కనిపించింది.

"జూనియర్ కాలేజీలో అయిదో తరగతి నడుపుతున్నారా మేడం?"

"అవును సార్."

ఆయన తలుపు దగ్గరికి వేసి పోయాడు. మరుసటి వారం అటెండరు వచ్చి, మధ్యాహ్నం పూట ల్యాబు తాళంచెవి నా దగ్గరే పెట్టుకోమని సార్ చెప్పారన్నాడు. అంతకుముందు రోజూ ఆఫీసుకు పోయి అడుక్కునేదాన్ని.

ఫలితాలు గొప్పగా వచ్చాయని రాయాలని నాకూ ఉంది. ఫస్టియర్‌లో సువార్త లెక్కలు రెండో పేపరు తప్పింది. రంగస్వామి గారు మాట తప్పే మనిషి కాదు. స్టాఫ్ మీటింగులో నా పేరు చెప్పాడు. పైగా రెండుసార్లు చెప్పాడు. సప్లిమెంటరీలో సువార్త గట్టెక్కింది. సెకండియర్‌లో అన్నీ ఒకేసారి పాసయింది, మామూలు మార్కులతో. ఇంజినీరింగ్ సీటు రాలేదు, ఆమె ఆశించనూ లేదు. ఆదోనిలో బీఎస్సీ చదివింది. తర్వాత పోటీ పరీక్ష రాసి గ్రామ సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకుంది. తల్లిదండ్రులు సుగ్గికి పోవడం మానేశారు. దేవదానం ఇప్పుడు గొర్రెలు పెట్టుకున్నాడు.

ఆ రెండేళ్లూ గుంటూరు పక్క గుడిసెలో వంట చేసింది కరుణ. రెండో ఏడు మిరపకాయలు కూడా కోసింది. ఊళ్లో బడిలో పేరు కొట్టేశారు. సువార్త డిగ్రీలో చేరాక, తనే తిరిగి తిరిగి చెల్లెల్ని ఒక బాలికల హాస్టల్ బడిలో చేర్పించింది. తన కన్నా చిన్న పిల్లల పక్కన కూర్చుని కరుణ మళ్లీ మొదలుపెట్టింది. ఈ ఏడు పదో తరగతి పాసయ్యేటప్పటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు.

మా ఇంటికి వచ్చినవాళ్లు

మొన్న జూన్‌లో అక్కచెల్లెళ్లిద్దరూ ఆదోనిలో మా ఇంటికి వచ్చారు. సువార్త చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మీరైనా సెప్పండి మేడం దీనికి. ఎంపీసీ తీసుకోమంటే హెచ్చీసీ అంటాంది. చరిత్ర సదివి ఏం సేస్తాది?"

రిటైరైనా అలవాటు పోదు. గొంతు సవరించుకున్నాను. ఎంపీసీలో ఉండే అవకాశాలు, డిగ్రీలో దారులు, అన్నీ వరుసగా నోటికి వచ్చాయి. కరుణ పొడవైన పిల్ల, నెమ్మదస్తురాలు, చివరిదాకా విన్నది.

"చరిత్ర అంటే ఎందుకు ఇష్టం?" అన్నాను ఆఖరున.

"మా బడోళ్లు జొన్నగిరి పక్కకు పిల్సుకపోయిరి మేడం. ఆడ అందరూ బంగారు గని సంగతి మాట్లాడతాండిరి. మా టీచరమ్మ బండ మీద పాత రాత సూపించె. ఎవరు రాసిరి, ఎవరి కోసం రాసిరి అని అడిగితి. సదువుకుంటే తెలుస్తాది అనె."

"దాంతో ఉద్యోగం వస్తాదా?" అంది సువార్త.

"అక్కా, నువ్వు ఎంపీసీ తీసుకునింది లెక్కల మీద ఇష్టంతో కాదు. సుగ్గి తప్పుతాదని. ఇప్పుడు మనింట్లో ఎవరూ సుగ్గికి పోరు. ఇంగ నాకు కష్టమైనది ఎందుకు?"

సువార్త నా వైపు చూసింది. నా దగ్గర జవాబు ఉంటుందని అనుకున్నట్టుంది. నాకు ఆ రోజు వాళ్లింట్లో తాగిన టీ గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లలో ఎవరితోనూ అనని మాట అన్నాను.

"కరుణా, నీ రెండేళ్లు పోయింది నా వల్ల. మీ అమ్మ నీ పేరు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వద్దనలేదు."

"తెలుసు మేడం" అంది కరుణ. "ఆ పొద్దు నేనూ ఆడనే ఉంటి కదా. అందుకే మిమ్మల్ని అడగను రాలేదు. అక్క రమ్మంటే వచ్చినా."

సంచిలోంచి కాలేజీ దరఖాస్తు తీసి, మడత విప్పి నా చేతికిచ్చింది. సలహా కోసం కాదు. పదో తరగతి మార్కుల మెమోలో ఉన్నట్టే తన పేరు స్పెల్లింగు రాసిందో లేదో చూడమంది. చూశాను, సరిగ్గానే ఉంది. గ్రూపు రాయవలసిన గడి కూడా అప్పటికే నింపి ఉంది. నా చేతిలోకి వచ్చిన దరఖాస్తుల్లో ఆ గడి ఖాళీగా లేనిది అదొక్కటే.